స్టాంపులు ముందు, వెండి తర్వాత: ఒక కడియం డైరీ

సెప్టెంబరు, రెండో శనివారం

ఈ ప్రాజెక్టులో చేయాల్సిన వస్తువు ఒక్కటే, వెండి కడియం. పాత అమెరికా నాణేలు కరిగించి కడ్డీ పోయాలి. దాన్ని సుత్తితో సాగగొట్టి పట్టీ చేయాలి. ఆ పట్టీ మీద చేత్తో చేసుకున్న ఉక్కు స్టాంపులతో నగిషీ కొట్టి, చివర్లో వంచాలి. 1870ల్లో అమెరికా నైరుతి ప్రాంతపు నవాహో తెగ వెండిపనివాళ్ల పద్ధతి దాదాపు ఇదే. కొన్న రేకు వాడను, రోలింగ్ మిల్లు వాడను, రాయి పొదగను. ఒక్క గ్యాస్ టార్చి దగ్గర మాత్రం రాజీ పడ్డాను. మేకతోలు తిత్తి ఊదుకుంటూ బొగ్గుల మీద పని చేసే ఓపిక నాకూ లేదు, నేర్పే పెద్దాయనకీ లేదు.

పెద్దాయన నవాహో. న్యూ మెక్సికో రాష్ట్రంలో గాలప్ ఊరికి తూర్పున ఉంటారు. వాళ్ల తాత, నాన్న, ఇద్దరు అక్కలు అందరిదీ వెండిపనే. పేరు రాయొద్దన్నారు కాబట్టి ఇక్కడ పెద్దాయన అనే అంటాను. నేనుండేది అల్బుకర్కీలో, చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సొంతూరు ప్రొద్దుటూరు. మాది కంసాలి కుటుంబం కాదు గానీ, ఆ ఊళ్లో పెరిగినవాడికి కుంపటి, మూస, వెలిగారం కొత్తగా పరిచయం చేయక్కర్లేదు.

అల్బుకర్కీ నుంచి గాలప్‌కి ఐ-40 మీద పడమరగా రెండు గంటల పైన. దారిలో కుడివైపు మౌంట్ టేలర్ కనిపిస్తుంది. నవాహోల నేలకి నాలుగు దిక్కులా కాపలా ఉన్న నాలుగు పవిత్ర పర్వతాల్లో దక్షిణం కొండ అది, దాని రాయి టర్కోయిస్ అనే నీలిరాయి. గాలప్ ఇంకా ఇరవై కిలోమీటర్లు ఉందనగా ఫోర్ట్ వింగేట్ బోర్డు వస్తుంది. వాషింగ్టన్ మాథ్యూస్ అనే సైనిక వైద్యుడు 1880 ప్రాంతంలో అక్కడ ఇద్దరు నవాహో పనివాళ్లను తన కళ్ల ముందే కూర్చోబెట్టి పని చేయించుకుని, ఒక్కో పనిముట్టునీ వివరంగా రాసిపెట్టాడు. ఆ వ్యాసం 1883లో అచ్చయింది. ఈ డైరీలో పాత పద్ధతి అన్నచోటల్లా ఎక్కువగా ఆయన రాసిందే నాకు ఆధారం.

నాణేలు జేబులో వేసుకుని ఉత్సాహంగా వెళ్లాను. పెద్దాయన వాటివైపు చూడనైనా చూడలేదు. "వెండి ఇంట్లో దాచుకో. ఉక్కు తెచ్చావా?" అన్నారు.

సెప్టెంబరు చివర: ఉక్కు

స్టాంపు అంటే జానెడు కూడా ఉండని ఉక్కు కడ్డీ. ఒక కొసన నగిషీ, రెండో కొస సుత్తి దెబ్బకి. పెద్దాయన దగ్గర కాఫీ డబ్బాల నిండా ఉన్నాయి. కొన్ని అరిగిపోయిన ఆకురాళ్ల ముక్కలు, కొన్ని కారు ఇంజన్ వాల్వు కాడలు, కొన్ని వాళ్ల నాన్న చేసినవి. పాత నగలు బాగా తెలిసినవాళ్లు స్టాంపు గుర్తులు చూసే ఇది ఫలానా కుటుంబం పని అని చెప్పేస్తారట. వెండి ఎవరైనా కొనుక్కోవచ్చు. స్టాంపు మాత్రం చేసుకున్నవాడి దగ్గరే ఉంటుంది.

అసలు ఈ పని మొదలైందే ఇనుముతో. నవాహోల్లో మొదటి వెండిపనివాడిగా అందరూ చెప్పుకునే అత్సిది సానీ ముందు కమ్మరి. నకాయ్ త్సోసీ అనే మెక్సికన్ కమ్మరి దగ్గర నేర్చుకుని గుర్రపు కళ్లేలు చేసి అమ్మేవాడు. తర్వాత 1864లో అమెరికా సైన్యం నవాహోలని వందల కిలోమీటర్లు నడిపించి బోస్కే రెడోండోలో బంధించింది. అక్కడ ఆకలికీ జబ్బులకీ రెండు వేల మందికి పైగా పోయారు. 1868 జూన్ 1న ఒప్పందం మీద సంతకాలయ్యాక మిగిలినవాళ్లు సొంత నేలకి తిరిగొచ్చారు. అత్సిది సానీ వెండి పట్టుకున్నది ఆ తర్వాతేనని ఎక్కువమంది చరిత్రకారుల అభిప్రాయం. కొడుకులకి నేర్పాడు, అడిగినవాళ్లకి నేర్పాడు, అలా పాకింది. తొలినాళ్లలో నగిషీ అంతా ఆకురాయితో, ఉలితో గీసిన గీతలే. మెక్సికన్లు జీనుల తోలు మీద కొట్టే స్టాంపులు చూసి వెండికీ అలాంటివి చేసుకోవడం తర్వాతి మాట.

నా లెక్కకి మూడు స్టాంపులు చాలు: లోపల కిరణాలున్న అర్ధచంద్రం, ఒక త్రికోణం, ఒక సాదా గీత. అర్ధచంద్రమే అసలు పని. టూల్ స్టీల్ కడ్డీని ముందు ఎర్రగా కాల్చి బూడిదలో పాతిపెట్టి ఒక రాత్రంతా మెల్లగా చల్లారనిచ్చాం. అప్పుడే ఆకురాయి పడుతుంది. కొసని చదును చేసి, అర్ధచంద్రం గీసి, బయటి వంపు చదునైన ఆకురాయితో, లోపలి వంపు గుండ్రటి సన్న ఆకురాయితో తీయాలి. కిరణాలకి కత్తి అంచులాంటి సూది ఆకురాయి. ఒక్కో కిరణానికీ మూడు నాలుగు లాగుళ్లు, అంతే. ఇంకోటి లాగితే పక్కగోడ సన్నబడిపోతుంది.

మధ్యమధ్యలో కొసని కొవ్వొత్తి పొగ మీద ఆడించి, తెల్ల కాగితం మీద నొక్కాలి. నల్లగా పడిన గుర్తులో ఎక్కడ తేడా ఉందో అప్పుడు తెలుస్తుంది. కంటికి సమంగా కనబడిన కిరణాలు కాగితం మీద ఒకటి లావు, ఒకటి సన్నం. పెద్దాయన కాగితం తీసుకుని కళ్లద్దాలు నుదుటి మీదికి జరిపి చూసి, ఎడమ చివరి కిరణం మీద గోరు పెట్టి తిరిగి ఇచ్చేశారు. మాట్లాడలేదు. మళ్లీ లాగాను.

చివర్లో అంచుల పదును కొద్దిగా చంపాలి. స్టాంపు వెండిని నొక్కాలే గానీ కోయకూడదు.

అక్టోబరు మొదట్లో: పదును

మెత్తటి ఉక్కుతో వెండి మీద కొడితే నాలుగు దెబ్బలకే కిరణాలు అణిగిపోతాయి. అందుకని గట్టిపరచాలి. నగిషీ ఉన్న కొసని చెర్రీ పండు రంగొచ్చేదాకా కాల్చి, అయస్కాంతం దగ్గర పెట్టి చూడాలి. అయస్కాంతం పట్టుకోవడం మానేసిందంటే వేడి సరిపోయినట్టు. ఇంకాస్త కాల్చి వెంటనే నూనెలో నిలువుగా ముంచాలి. పక్కకి వాలిస్తే ఒకవైపు ముందు చల్లబడి పగులుతుంది.

ఇప్పుడది గాజులా పెళుసు. ఎమెరీ కాగితంతో తెల్లగా రుద్ది, ఈసారి మధ్యలో మంట చూపించాలి. రంగులు మెల్లగా కొసవైపు నడుస్తాయి: ముందు లేత పసుపు, వెనకాల గోధుమ, దాని వెనక ఊదా, నీలం. లేత పసుపు నగిషీని తాకగానే నీళ్లలో వేసేయాలి. అప్పుడు నగిషీ గట్టిగా, సుత్తి తగిలే కొస కాస్త మెత్తగా మిగులుతాయి. సుత్తి కొస కూడా గట్టిపడితే ఎప్పుడో దెబ్బకి చిట్లి కంట్లో పడే ప్రమాదం ఉంది. కళ్లజోడు లేకుండా దాగలి దగ్గరికి రానివ్వరు పెద్దాయన. ఆ విషయంలో మహా కఠినం.

ఈ రంగులు చూడ్డానికి వెలుతురు కావాలి, ఎరుపు చూడ్డానికి చీకటి కావాలి. లైటు వేయడం, ఆపడంతోనే సగం రోజు గడిచింది.

అక్టోబరు: గాలప్ కొట్లలో

ఉక్కు అయ్యింది కదా, ఇక నగిషీ ఎలా పేర్చాలో చూడాలి. దానికి మ్యూజియంల కంటే గాలప్ తాకట్టు కొట్లే నయమన్నారు పెద్దాయన. గాజు బీరువాల్లో కడియాలు, గుండ్రటి వెండి బిళ్లలు గుచ్చిన కాంచో బెల్టులు, గుమ్మడిపువ్వు హారాలు, పక్కనే జీనులు, తుపాకులు, కంబళ్లు.

నవాహో కుటుంబాలకి వెండి అలంకారమే కాదు, దాచుకున్న డబ్బు కూడా. ట్రేడింగ్ పోస్టులనే వ్యాపారుల కొట్లలో కడియం తాకట్టు పెట్టి పిండి, కాఫీ, బట్ట తెచ్చుకోవడం, వసంతంలో ఉన్ని అమ్మాకో, శరదృతువులో గొర్రెపిల్లలు అమ్మాకో విడిపించుకోవడం, ఏదైనా వేడుక ఉంటే మధ్యలో అడిగి తీసుకెళ్లి పెట్టుకుని మళ్లీ తెచ్చివ్వడం. బంగారం తాకట్టు కొట్ల మధ్య పెరిగినవాడికి ఇదంతా ఒకరు విడమర్చి చెప్పే అవసరం రాలేదు. ఆ ట్రేడింగ్ పోస్టుల్లో ఒకటి, ఆరిజోనాలోని గనాడోలో జాన్ లొరెంజో హబ్బెల్ అనే వ్యాపారి 1878లో కొన్నది, ఇప్పటికీ నడుస్తోంది. దాన్ని ప్రభుత్వం 1960ల్లో చారిత్రక స్థలం చేసింది.

ఒక కొట్లో పాత కడియం మీద స్వస్తిక్ కనబడింది. నవాహోల్లో అది సుడిలో తిరిగే దుంగల గుర్తు. ఇసుక చిత్రాల్లోనూ నేతలోనూ ఉండేది. నాజీల వల్ల పాడైన పేరు చూసి 1940 ఫిబ్రవరిలో నవాహో, హోపీ, అపాచీ, పాపగో తెగలవాళ్లు ఇక ఈ గుర్తు మా చేతిపనుల్లో వాడం అని కాగితం రాసి సంతకాలు చేశారు. అందుకే ఆ గుర్తున్న నగ 1940 కంటే పాతదని అంచనా వేస్తారు. మా ఇంటి గడప మీద రోజూ చూసిన గుర్తుని వీళ్లు పూర్తిగా వదులుకోవాల్సి రావడం నాకు కొంచెం కష్టంగానే అనిపించింది.

అదే కొట్లో గోడకి ఒక చార్టు ఉంది: బాణం అంటే రక్షణ, రెండు బాణాలు అంటే స్నేహం, ఇలా. పెద్దాయనకి ఫొటో చూపిస్తే నవ్వారు. రైల్వే యాత్రికులకి అమ్మడానికి వ్యాపారులు అల్లిన కథలవి. రైలు దారుల వెంట హోటళ్లు నడిపిన ఫ్రెడ్ హార్వీ కంపెనీ 1899 ప్రాంతంలో ట్రైనుల్లో వచ్చేవాళ్ల కోసం తేలికపాటి నగలు ఆర్డరిచ్చి చేయించడం మొదలుపెట్టాక బాణాలు, పిడుగుపక్షులు ఎక్కువయ్యాయి. చేసేవాడికి స్టాంపు అంటే ఒక ఆకారం. పక్కదానితో ఎలా కలుస్తుందన్నదే వాడి లెక్క. నా అర్ధచంద్రానికి ఏదో గొప్ప అర్థం వెతుకుదామనుకున్న వెర్రి అక్కడితో పోయింది.

నవంబరు: పోత

ఇప్పుడు నాణేలు బయటికి తీయొచ్చన్నారు. 1964 దాకా ముద్రించిన క్వార్టర్లలో, అంటే పావు డాలరు నాణేల్లో, 90 శాతం వెండి, మిగతాది రాగి. ఒక్కోటి 6.25 గ్రాములు. నాణేల కొట్లో వెండి ధరకే ఇస్తారు. పన్నెండు తీసుకున్నాను, 75 గ్రాములు. అరిగినవే ఏరుకున్నాను. కొత్తగా ఉన్నవి కరిగించడానికి చేయి రాలేదు.

మొదట్లో నవాహోలు కరిగించిందీ ఇలాంటి నాణెపు వెండే. 1890 ప్రాంతంలో అమెరికా నాణేలు పాడుచేయడం మీద ప్రభుత్వం గట్టిగా ఉండేసరికి మెక్సికన్ పెసోలకి మారారు. స్టెర్లింగ్, అంటే 92.5 శాతం వెండి, రేకు బాగా తర్వాత వచ్చింది.

మూస లోపల ముందు వెలిగారం కాచి గాజుపూత పూశాం. నాణేలు వేసి టార్చి పెడితే మొదట నల్లబడతాయి, తర్వాత అంచులు కుంగుతాయి, నాణెం మీది జార్జి వాషింగ్టన్ ముఖం జారిపోతుంది, ఉన్నట్టుండి అన్నీ కలిసి ఒకే ముద్దై అద్దంలా తిరుగుతాయి. స్వచ్ఛమైన వెండికైతే 962 డిగ్రీల సెల్సియస్ కావాలి. రాగి ఉంది కాబట్టి దీనికి అంత అక్కర్లేదు. చిటికెడు వెలిగారం చల్లి, మూసని ఒకసారి ఆడించి, మంట తీయకుండానే పోసేయాలి. పోసేటప్పుడు తటపటాయిస్తే వెండి మెట్లుమెట్లుగా గడ్డకడుతుంది.

అచ్చు మెత్తటి ఇసుకరాయిలో చెక్కిన గాడి. మాథ్యూస్ చూసినవాళ్లూ ఇలాగే రాయి చెక్కి, కొవ్వు పూసి పోసేవారు. మేమూ కొవ్వే పూశాం. షెడ్డంతా వాసన! రాయిని ముందు బాగా వేడి చేయాలి, లోపల తేమ ఉంటే కరిగిన వెండి చిమ్ముతుంది. వచ్చిన కడ్డీ తొమ్మిది సెంటీమీటర్ల పొడవు, రెండు వెడల్పు, నాలుగు మిల్లీమీటర్ల మందం. పైభాగం ముడతలుగా, అడుగున రాయి గరుకు అచ్చుపడి ఉంది.

నవంబరు: సాగగొట్టడం

ఈ భాగం గురించి రాయడానికి ఎక్కువ లేదు, చేయడానికే చాలా ఉంది. సన్నముక్కు సుత్తితో అడ్డంగా కొడితే పొడవు పెరుగుతుంది. వెడల్పు పెరగబోతే పట్టీని నిలబెట్టి అంచు మీద కొట్టాలి. కొంతసేపటికి సుత్తి చప్పుడు మారుతుంది, మెత్తటి ధబ్ పోయి ఖణేల్ మంటుంది. అంటే వెండి బిగిసిపోయింది, ఇంకా కొడితే అంచులు పగులుతాయి. ఆపి, లైటు తీసి, చీకట్లో లేత ఎరుపు కనబడేదాకా కాల్చి నీళ్లలో వేస్తే మళ్లీ మెత్తబడుతుంది. మళ్లీ కొట్టుడు.

కాల్చినప్పుడల్లా వెండిలోని రాగి పైకొచ్చి నల్లటి పొర కడుతుంది. నాణెపు వెండిలో రాగి ఎక్కువ కాబట్టి పొరా ఎక్కువే. పాతకాలం నవాహోలు పటికలాంటి ఖనిజాన్ని, రాతి ఉప్పుని నీళ్లలో వేసి అందులో మరిగించేవారు. మనవాళ్లు చింతపండు వాడతారు కదా. పెద్దాయన దగ్గరున్నది స్విమ్మింగ్ పూల్‌లో వేసే సోడియం బైసల్ఫేట్. అందులోకి ఇనుప పట్కారు పెట్టకూడదు, వెండి మీద రాగి పూత పడుతుంది. రాగి పట్కారే వాడాలి.

చివరికి పదిహేను సెంటీమీటర్ల పొడవు, రెండు మిల్లీమీటర్ల పైన మందం. భుజం నొప్పికి ఇంటికొచ్చి జండూబామ్.

డిసెంబరు: స్టాంపు కొట్టడం

పట్టీ మధ్యలో సన్నగా ఒక గీత, దానికి అటూ ఇటూ డివైడర్‌తో సమానదూరంలో గుర్తులు. ముగ్గుకి చుక్కలు పెట్టుకున్నట్టే, చుక్క తప్పితే తర్వాత ఎంత చక్కగా గీసినా సర్దుకోదు.

పెద్దాయన రూలు: ఒక్కో అచ్చుకీ ఒక్కటే దెబ్బ. రెండో దెబ్బ వేస్తే స్టాంపు వెంట్రుకవాసి జరిగినా నీడలా రెండో గుర్తు పడుతుంది. అందుకని బరువైన సుత్తి తీసుకుని, స్టాంపు నిటారుగా నిలబెట్టి, చూపు సుత్తి మీద కాకుండా నగిషీ మీదే పెట్టి కొట్టాలి. ముందు రాగి పట్టీ మీద సాధన, అదీ ఆయన తలూపేదాకా.

వెండి మీద మొదటి అర్ధచంద్రం పడగానే అర్థమైంది, సెప్టెంబరంతా ఆ కిరణాల దగ్గర ఎందుకు ఆపారో. కాగితం మీద కనిపించీ కనిపించని తేడా వెండి మీద వెలుగు పడితే అరుస్తుంది. ఒకే స్టాంపుని తల్లకిందులుగా తిప్పి ఎదురెదురుగా కొడితే మధ్యలో నేను గీయని ఆకు ఆకారం వచ్చింది. రెండు చంద్రుల మధ్య ఖాళీలో త్రికోణం పెడితే అంచు మొత్తం ఒక వరసగా కలిసిపోయింది. మూడే స్టాంపులు, కానీ చూసినవాళ్లు ఏడెనిమిది అనుకుంటారు.

కొట్టేకొద్దీ పట్టీ విల్లులా వంగుతుంది, అంచులు ఉబ్బుతాయి. చెక్క సుత్తితో చదును చేసుకుంటూ పోవాలి. ఉబ్బిన అంచుల్ని ఆకురాయితో సరిచేశాను. వంచకముందే స్టాంపులన్నీ అయిపోవాలి, వంచాక లోపల ఆనించడానికి దాగలి దూరదు.

మధ్యలో ఒక టర్కోయిస్ పెడితే బాగుంటుందేమో అని అడిగాను. అత్సిది చోన్ అనే ఆయన వెండిలో మొదటిసారి టర్కోయిస్ పొదిగింది 1878 ప్రాంతంలో అంటారు, నా కడియం కాలానికి అది కాస్త ముందడుగే. పెద్దాయన సమాధానం వేరు: "రాయి పెడితే జనం రాయినే చూస్తారు. నీ దెబ్బ ఎలా ఉందో ముందు వాళ్లని చూడనీ." సరే, వద్దు. పైగా మంచి సహజమైన రాయి ధర వింటే ఆశ అదే చల్లారుతుంది. ఆరిజోనాలోని స్లీపింగ్ బ్యూటీ గనిలో 2012లో టర్కోయిస్ తీయడం ఆపేశాక ఆ ఆకాశనీలం ఇంకా ప్రియమైంది.

డిసెంబరు చివర: వంచడం, మెరుగు, ముద్ర

చెట్టు మొద్దులో తొలిచిన గాడిలో పెట్టి తోలు సుత్తితో రెండు చివరల నుంచి మధ్యకి వంచాను. చేయి దూరడానికి రెండున్నర సెంటీమీటర్ల సందు. గంధకపు మందులో ముంచి మొత్తం నల్లగా చేసి, పైపైన రుద్దితే గుంటల్లో నలుపు ఉండిపోయి కిరణాలు తేలాయి.

చివరి మెరుగుకి అల్బుకర్కీ ఇండియన్ స్టోర్ నుంచి కుంకుడుకాయలు పట్టుకెళ్లాను. ఇత్తడి బ్రష్‌తో ఆ నురగలో రుద్దడం ప్రొద్దుటూరు కొట్లలో చూసిందే. పెద్దాయన వాసన చూసి, నురగ వేళ్ల మధ్య పాముకుని, వాళ్లమ్మ యక్కా మొక్క వేరు తవ్వి దంచి తలంట్లు పోసేదని, ఇలాగే నురగొచ్చేదని చెప్పారు. ఆ మధ్యాహ్నం పని ఆగిపోయి తలంట్ల మీదే నడిచింది. మిగిలిన కాయలు ఆయనే ఉంచుకున్నారు.

లోపల ఏ ముద్ర వేయాలన్నది పెద్ద చర్చ. స్టెర్లింగ్ అని వేయకూడదు, దానికి 92.5 శాతం ఉండాలి, ఇది 90. నవాహో అని అసలే కుదరదు. 1990 నాటి ఇండియన్ ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ చట్టం ప్రకారం, స్థానిక తెగలవాళ్లు చేయని వస్తువుని వాళ్లు చేసిందని చెప్పి అమ్మితే మొదటిసారికే రెండున్నర లక్షల డాలర్ల దాకా జరిమానా, ఐదేళ్ల దాకా జైలు. ఫిలిప్పీన్స్‌లో చేయించిన నగల్ని ఇక్కడి తెగల పనిగా అమ్మిన కేసులో 2018లో ఒక దుకాణదారుకి ఆరు నెలల శిక్ష పడింది కూడా. నేనేమీ అమ్మట్లేదు, చట్టం నా జోలికి రాదు. కానీ ఆ దొంగ సరుకు వల్ల గాలప్‌లో చేత్తో చేసేవాళ్ల ధరలు ఎంత పడిపోయాయో పెద్దాయన నోట విన్నాక, నవాహో కడియం అని నోటిమాటగా అనడానికి కూడా వెనకాడుతున్నాను. ఎవరైనా అడిగితే, నవాహో పెద్దాయన నేర్పితే నేను చేసిన కడియం అంటున్నాను. లోపల నా ఇంటిపేరు మొదటి అక్షరం, ఏడాది కొట్టాను. ఆ అక్షరానికి ఇంకో స్టాంపు చేయాల్సొచ్చింది, తెలుగు అక్షరం ఒంపులు తీయడం అర్ధచంద్రం కంటే కష్టం.

తూకం: 67 గ్రాములు. మిగతాది కత్తిరింపులు, ఆకురాయి పొడి. పొడి కూడా ఊడ్చి డబ్బాలో పెట్టాం.

జనవరి: తర్వాతి పని

తర్వాత కాంచో, బెల్టుకి గుచ్చే గుండ్రటి బిళ్ల. తొలినాళ్లలో టంకం పెట్టడం తెలియక, వెనక కొక్కెం అతికించలేక, బిళ్ల మధ్యలో వజ్రం ఆకారంలో కన్నం కోసి తోలుపట్టీని అందులోంచే దూర్చేవారు. అలాంటిదే చేద్దామనుకుంటున్నాను. ఎనిమిది సెంటీమీటర్ల బిళ్లకి ఇంకో పది పదకొండు క్వార్టర్లు పడతాయి. ఉబ్బెత్తు తేవడానికి మొద్దులో గిన్నెలాంటి గుంట పెద్దాయన దగ్గర ఉంది.

అంచుకి ఇప్పుడున్న అర్ధచంద్రం పెద్దదైపోతుంది. చిన్నది ఇంకోటి చేయాలి.